రికార్డుల ప్రకారం బార్బడోస్‌లో

ప్రభుత్వం ఏ పని చేసినా ప్రజల మేలు కోరే చేస్తుందని నమ్మేవాళ్ళలో నేనొకదాన్ని. ఇప్పటికీ నమ్ముతున్నాను. కాబట్టి దీన్ని ఫిర్యాదు అనుకోవద్దు.

నిరుడు వేసవిలో ఎవరో ఒక సుపుత్రుడు తల్లిదండ్రులను ఏదో దీవికి విహారయాత్రకు తీసుకెళ్ళాడు. వాళ్ళను హోటల్ ముందు పన్నెండు పెట్టెలకు కాపలా కూర్చోబెట్టి, తాను భార్యాపిల్లలతో పడవెక్కి పోయాడు. ఆ పెద్దాయన పెట్టెల మధ్య కునికిపాట్లు పడుతున్న ఫొటో అన్ని పేపర్లలోనూ వచ్చింది. టీవీల్లో నాలుగు రోజులు చర్చలు జరిగాయి. ఐదో రోజు కమిటీ వేశారు. కమిటీ వాళ్ళు పెట్టెలు ఎక్కడ పెట్టారో స్వయంగా చూడటానికి నాలుగు దీవులు తిరిగి, బాగా నల్లబడి వచ్చి, నివేదిక ఇచ్చారు. అలా 'వయోవృద్ధుల విదేశ విహార సంక్షేమ మండలి' పుట్టింది. డెబ్భై దాటిన తల్లిదండ్రులను సముద్రం దాటించాలంటే, అక్కడ వాళ్ళు నిజంగా ఆనందిస్తారని ఈ మండలి ధ్రువపత్రం ఇవ్వాలి. అది లేకపోతే విమానం ఎక్కనివ్వరు.

మంచి నిబంధన. మా వీధిలో దాన్ని మొదట మెచ్చుకున్నది నేనే. అప్పటికి మా ప్రయాణం ఊసే లేదు.

మా అమ్మ నాగరత్నమ్మ అనంతపురంలో ముప్పై ఒక్క ఏళ్ళు సోషల్ టీచరుగా పనిచేసింది. గోడమీది పటంలో వెస్టిండీస్ దీవులను కట్టెతో ఒక్కొక్కటే చూపిస్తూ పేర్లు చెప్పించేది. సముద్రాన్ని మాత్రం ఆమె చూసింది ఒక్కసారే, మద్రాసులో, అదీ జనం వీపుల సందులోంచి. పోయిన జూన్‌లో కళ్ళ డాక్టరు, అమ్మ చూపు పక్కల నుంచి మూసుకొస్తోందని, మందులతో కొన్నాళ్ళు ఆపగలనని, ఎన్నాళ్ళో మాత్రం చెప్పలేనని అన్నాడు. అమ్మ ఇంటికొచ్చి కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించింది.

"హేమా, ఆ దీవులు ఒకసారి చూస్తే బాగుండు" అంది.

"ఏ దీవులమ్మా?"

"నేను కట్టెతో చూపిచ్చేదాన్ని గదా, అవి."

అమ్మ నన్ను జీవితంలో ఏదీ అడగలేదు. కాలేజీలో లెక్కలు చెప్పే నాకు సెలవు దొరకడం కష్టమే అయినా, ఆ సాయంత్రమే బెంగళూరు నుంచి బార్బడోస్‌కు మూడు టికెట్లు తీసేశాను. ప్రయాణం పై నెల పద్నాలుగున. నాయన కుళ్ళాయప్ప ఆర్టీసీ డిపోలో టైమ్ కీపర్‌గా రిటైరయ్యాడు. ఆయన టికెట్ చేతిలోకి తీసుకుని దీవి పేరు వైపు చూడలేదు, విమానం బయలుదేరే టైం వైపు చూశాడు.

"మూడు గంటల యాభై ఐదు. బాగుండాది. రౌండుగా నాలుగని రాసుంటే నమ్మేవాణ్ణి కాదు" అన్నాడు.

మండలి జిల్లా కార్యాలయం పాత కల్యాణమండపంలో ఉంది. వధూవరుల కుర్చీలున్న వేదిక మీద ఉపసంచాలకులు పెన్నోబులేసు గారి బల్ల. ఆయన అధికారికంగా మాట్లాడితే తామ్రశాసనం చదివినట్టుంటుంది. కంగారు పడితే మనలాగే మాట్లాడతారని తర్వాత తెలిసింది.

"ఇందుమూలముగా మిమ్ములను అడుగునది ఏమనగా, తాము చివరిసారిగా ఎప్పుడు ఆనందించితిరి?" అని నాయనను అడిగారు.

నాయన చాలాసేపు ఆలోచించాడు. నా పెళ్ళి చెబుతాడనుకున్నాను.

"ఎనభై ఆరులో సార్. జూలై నెల. ఆ పొద్దు మా డిపోలో అరవై రెండు బండ్లూ టయానికి కదిలినాయి."

"ఆధారము?"

"లాగ్‌షీట్లుంటాయి సార్. చెదలు తినకుంటే."

"చెదలు తినిన ఆనందమును మండలి పరిగణనలోనికి తీసుకొనజాలదు" అని రాసుకుని అమ్మ వైపు తిరిగారు.

"నాకు సముద్రం చూడల్లని ఉంది సార్. అంతే" అంది అమ్మ.

"అది కోరిక. కోరిక వేరు, ఆనందము వేరు. చూచిన పిమ్మట తాము ఆనందించెదరనుటకు హామీ ఏమి?"

"చూడకముందే ఎట్ల చెప్పేది సార్?"

పెన్నోబులేసు గారు కలం కింద పెట్టారు. ఆ ప్రశ్న కోసమే ఉదయం నుంచి ఎదురుచూస్తున్నట్టు ముఖం వెలిగింది.

"ఇదే ప్రశ్నను మండలియు వేసుకొన్నది. అందుకొరకే నిబంధన పదకొండు. నమూనా విహారము. దరఖాస్తుదారు స్వంత ఏర్పాట్లతో, కార్యాలయ ప్రాంగణమున, మూడు పనిదినములు. పెద్దలు ఇచ్చట ఆనందించినచో అచ్చటను ఆనందించెదరు. ఇచ్చట ఆనందించనిచో అంత దూరము పోవుట ఏల?"

తర్కంలో ఎక్కడా లోపం కనిపించలేదు. నేను లెక్కల మనిషిని, ఒప్పుకోక తప్పలేదు.

అనంతపురంలో సముద్రం తయారుచేయడం మీరెప్పుడూ ప్రయత్నించి ఉండరు. మండపం వెనక పెళ్ళిభోజనాలు పెట్టే పెరట్లో షామియానా కింద ఇరవై అడుగుల పొడవున గొయ్యి తవ్వించి, టార్పాలిన్ పరిచి, రెండు ట్యాంకర్ల నీళ్ళు పోయించాను. పెన్నోబులేసు గారు వేలు ముంచి నాలుకకు రాసుకుని, ఇది చెరువని తేల్చారు. నాలుగు బస్తాల ఉప్పు కలిపాను. రంగు లేదన్నారు. బట్టలకు పెట్టే నీలిమందు పోశాను. ఇసుక ఎర్రగా ఉందని, బార్బడోస్ ఇసుక తెల్లగా ఉండునని గూగులమ్మ చెబుతోందని అన్నారు. తాడిపత్రి బండల పాలిష్ కేంద్రాల నుంచి తెల్లపొడి తెప్పించి చల్లాను. గాలికి పెళ్ళిళ్ళలో పెట్టే పెద్ద కూలరు. కొబ్బరిచెట్లకు డెకరేషన్ వాళ్ళ ప్లాస్టిక్ చెట్లు రెండు. అలలకు మాత్రం ఎవరూ దొరక్క, ఆఫీసు అటెండరు ఎర్రమ్మనే బతిమాలుకున్నాం. ఆమె గొయ్యి అవతలి గట్టున కూర్చుని చెక్క పలకతో నీళ్ళు తోసేది.

విమాన ప్రయాణం కూడా నమూనా చేయాల్సిందే. ఇరవై రెండు గంటల ప్రయాణం ఆఫీసు వేళల్లో పట్టదు కాబట్టి, మండలి పెద్దమనసుతో దాన్ని అరగంటకు కుదించింది. వరండాలో రెండు ప్లాస్టిక్ కుర్చీల్లో అమ్మానాయనలను కూర్చోబెట్టి, నడుముకు తువ్వాళ్ళు కట్టారు. అరగంటయ్యాక పెన్నోబులేసు గారు రిజిస్టరు తెరిచి, బయలుదేరిన సమయం, బార్బడోస్ చేరిన సమయం రాశారు. నాయన పక్కనుంచి తొంగిచూసి, "చేరింది పది నలభై రెండు సార్, నలభై కాదు" అని దిద్దించాడు.

ఆనందాన్ని నవ్వులతో కొలుస్తారు. పళ్ళు కనిపిస్తే పూర్తి నవ్వు, కనిపించకపోతే అర నవ్వు. నాయనవి కట్టుడు పళ్ళు. అవి కనిపిస్తే నవ్వు ఆయనదా, పళ్ళ డాక్టరుదా అన్న సందేహం వచ్చి రాజధానికి లేఖ రాశారు. జవాబు వచ్చేదాకా నాయన నవ్వులను పెన్సిల్‌తో నమోదు చేశారు.

మొదటి రోజు నాయన కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు. రెండో రోజు జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి అలల టైం రాయడం మొదలుపెట్టాడు.

"ఏమ్మా ఎర్రమ్మా, పద్నాలుగో అల రెండు నిమిషాలు లేటు."

"నేనేమన్నా బస్సునా సార్, టయానికొచ్చేకి?"

"ఏదైనా కానీ, ఒక టైం టేబులుండల్ల గదా తల్లీ! జనం కాచుకోనుంటారు."

ఎర్రమ్మ నవ్వేసి, ఆ తర్వాత పంతం పట్టి నిమిషానికొక అల చొప్పున తోసింది. నాయన పరమానందపడిపోయాడు. మధ్యాహ్నానికి పెన్సిల్ నవ్వులు నలభై దాటాయి. మండలి ఉద్యోగులు టిఫిన్ డబ్బాలు తెచ్చుకుని ఇసుకలో కూర్చుని తినడం మొదలుపెట్టారు. ఒకాయన తన అత్తగారిని కూడా తీసుకొచ్చి నీళ్ళలో కాళ్ళు పెట్టించాడు.

అమ్మ ఆ నీలిమందు నీళ్ళ వైపు చూస్తూ కూర్చుంది. పెన్నోబులేసు గారు లెక్కపెట్టడానికి దగ్గరికొచ్చినప్పుడల్లా ఒక నవ్వు నవ్వేది. నేను పక్కన కూర్చుంటే మెల్లగా అంది.

"ఈ సముద్రం తల తిప్పకుండానే మొత్తం కనపడతాండాది హేమా. నా కంటికి సరిగ్గా సరిపోయింది."

నన్ను నవ్వించడానికే అంది. నేను లేచి కూలరు సరిచేస్తున్నట్టు అటు తిరిగి నిలబడ్డాను.

మూడో రోజు సాయంత్రం నాలుగున్నరకు తిరుగు విమానం. కుర్చీలు వేశారు, తువ్వాళ్ళు తెచ్చారు. అప్పుడు వాన పడింది.

అనంతపురంలో వాన పడటమంటే ఏమిటో బయటివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. ఏడాదిన్నర తర్వాత పడుతున్న చినుకులవి. ఎర్రమ్మ పలక అవతల పారేసి ఒక్క ఉరుకున గేటు దాటింది. ఆమె వెనకే గుమాస్తాలు, టైపిస్టు, అత్తగారు, మా నాయన. పెన్నోబులేసు గారు రిజిస్టరు బల్ల మీద పడేసి, కళ్ళద్దాలు జేబులో పెట్టుకుని, నడిరోడ్డు మీద ముఖం పైకెత్తి నిలబడ్డారు. అందరూ ఫోన్లు తీశారు. "మీ పక్క పడిందా? ధర్మవరంలో ఎట్లుంది? మా చేను మీద పడిందేమో సూడప్పా." గంటన్నర కురిసింది. ఆ రోజుకు ఎవరికీ ఏ ఫైలూ గుర్తులేదు. మేమూ తడిసి ముద్దై, నవ్వుకుంటూ ఆటోలో ఇంటికొచ్చేశాం.

రెండు వారాలకు ధ్రువపత్రం సిద్ధమైందని కబురొచ్చింది. ప్రయాణానికి ఇంకా పదకొండు రోజులుంది. ముగ్గురం ఉత్సాహంగా వెళ్ళాం. పెన్నోబులేసు గారు లేచి నిలబడి, ముద్రలు కొట్టిన కాగితాన్ని రెండు చేతులతో అందించారు. "శ్రీమతి నాగరత్నమ్మ, శ్రీ కుళ్ళాయప్ప దంపతుల బార్బడోస్ విహారము ఆనందదాయకముగా పూర్తియైనదని ధ్రువీకరించడమైనది" అని ఉంది.

"పూర్తయింది అని ఉంది సార్" అన్నాను.

"అవును. అభినందనలు."

"మేం ఇంకా పోనేలేదు."

"ఇసుక ఉన్నదా? సముద్రము ఉన్నదా? పెన్సిలు నవ్వులతో కలిపి నూట ఆరు నవ్వులు ఉన్నవా? ఇక మిగిలినది ఏమి?"

"బార్బడోస్ సార్."

"అది వివరము మాత్రమే" అన్నారాయన దయగా. "నిబంధన పంతొమ్మిది ప్రకారము, పెద్దల ఆరోగ్యదృష్ట్యా, ఒక విహారమునకు మరియొక విహారమునకు నడుమ ఐదు సంవత్సరముల వ్యవధి ఉండవలెను. ఆ తరువాత నిరభ్యంతరముగా దరఖాస్తు చేసుకొనవచ్చును."

"ఐదేళ్ళకు మా అమ్మకు చూపుండదు సార్!"

గట్టిగానే అరిచాను. కోపం, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి. మండపమంతా నా వైపు చూసింది.

"చూపు వైద్యశాఖ పరిధిలోనిది" అన్నారు పెన్నోబులేసు గారు. నిజంగానే బాధపడ్డారు పాపం. కానీ పరిధి దాటలేకపోయారు.

నేను ఆ కాగితాన్ని చింపబోతుంటే అమ్మ చెయ్యి పట్టుకుంది.

"సార్, ఆ రిజిస్టరు ఒకసారి ఇస్తారా?" అంది.

చేతిసంచిలోంచి భూతద్దం తీసి, రిజిస్టరు పేజీ మీద పెట్టి, గడి తర్వాత గడి వేలితో చూపిస్తూ పైకి చదివింది. పదో తరగతి పిల్లలకు కూడా ఇలాగే చదివి వినిపించేది.

"బయలుదేరిన సమయం, పదిహేడో తారీఖు, పది గంటల పన్నెండు నిమిషాలు. ఉంది. చేరిన సమయం, పది నలభై రెండు. ఉంది. తిరిగి వచ్చిన సమయం..." వేలు అక్కడ ఆగింది. "ఏం లేదు సార్ ఇక్కడ."

"ఆ దినమున వర్షము..." అని ఆగిపోయారు పెన్నోబులేసు గారు.

"అయితే నేనిప్పుడు ఎక్కడున్నాను సార్?"

"నా ఎదుటనే ఉన్నారు కదా తల్లీ."

"అది మీ కండ్లకు. రికార్డులో ఎక్కడున్నాను?"

ఆయన రిజిస్టరు తనవైపు తిప్పుకుని చూశారు. మళ్ళీ చూశారు. మూడోసారి కళ్ళద్దాలు తుడుచుకుని చూశారు.

"రికార్డుల ప్రకారం... బార్బడోస్‌లో" అన్నారు.

"పంతొమ్మిదో తారీకు సాయంత్రం నాలుగున్నరకు రావల్ల సార్ మేము" అన్నాడు నాయన. ఆయన గొంతులో పాత డిపో గాంభీర్యం వచ్చేసింది. "ఈ పొద్దు మూడో తారీకు. పద్నాలుగు దినాలు లేటు. మా డిపోలో ఒక బండి పద్నాలుగు దినాలు రాకపోతే, ఎవరి మీద ఎంక్వయిరీ ఏస్తారో తెలుసా సార్? రాకపోయిన డ్రైవరు మీద కాదు. రాలేదని సూసుకోని టైమ్ కీపర్ మీద."

ఒక పెద్దాయనను పెట్టెల మధ్య ఒక పూట వదిలేసినందుకు పుట్టిన మండలి ఇది. ఇప్పుడు అదే మండలి ఇద్దరు పెద్దలను ఖండాంతరంలో రెండు వారాలుగా వదిలేసింది. నిబంధన నాలుగు ప్రకారం, పెద్దలను విదేశంలో విడిచిపెట్టిన బాధ్యుల ఫొటో అన్ని పేపర్లలో వేయాలి.

"నా ఫొటోనా?" అన్నారు పెన్నోబులేసు గారు. శాసనభాష అక్కడితో సరి. "అమ్మా, మీకు దండం పెడతా, ఎట్లన్నా చేసి ఎనక్కి రాండమ్మా!"

"ఈడనే ఉండాము గదప్పా" అన్నాడు నాయన.

"ఈడుంటే ఏం లాభం సార్! ఆ గడిలో టైం రాయల్లంటే పాస్‌పోర్టులో తిరిగొచ్చిన ముద్ర ఉండల్ల. లేకుంటే ఆడిట్టోళ్ళు నన్ను బతకనియ్యరు."

"ఆ ముద్ర ఎక్కడ వేస్తారు?" అని అడిగింది అమ్మ.

"బెంగళూరు ఎయిర్‌పోర్టులో."

"పోకుండా వచ్చినోళ్ళకు వేస్తారా?"

పెన్నోబులేసు గారు కుర్చీలో కూలబడ్డారు. కాసేపటికి కలం తీశారు. ఒక ప్రభుత్వ కార్యాలయంలో అంత వేగంగా కాగితం తయారవడం నేను అంతకు ముందు చూడలేదు, ఇకముందు చూడబోను. గంటలో ఉత్తర్వు మా చేతిలో ఉంది.

"పై విషయమునకు సంబంధించి, రికార్డుల ప్రకారము బార్బడోస్ నందున్న శ్రీమతి నాగరత్నమ్మ, శ్రీ కుళ్ళాయప్ప గార్లు తక్షణమే బయలుదేరి, తాము ఉన్న చోటికి చేరుకొని, అచ్చటి నుండి తిరిగి రావలెనని ఇందుమూలముగా ఆదేశించడమైనది. ఇది నూతన విహారముగా పరిగణింపబడదు. వీరికి తోడుగా కుమార్తె వెళ్ళి వీరిని వెదకి తీసుకురావలెను."

పద్నాలుగో తేదీన బెంగళూరు విమానాశ్రయంలో అధికారి ఆ ఉత్తర్వును రెండుసార్లు చదివాడు.

"వీళ్ళు అక్కడే ఉన్నారని రాసుంది మేడమ్."

"అవును నాయనా. అందుకే పోతాండాము" అంది అమ్మ.

అతను మమ్మల్ని, ముద్రలను మార్చి మార్చి చూసి, ముద్రలనే నమ్మి లోపలికి పంపాడు. విమానం మూడు యాభై ఎనిమిదికి కదిలింది. నాయన ఆ మూడు నిమిషాల గురించి రెండో విమానం ఎక్కేదాకా చెబుతూనే ఉన్నాడు.

బార్బడోస్‌లో దిగిన మర్నాడు ఉదయం సముద్రం ఒడ్డుకు వెళ్ళాం. పెన్నోబులేసు గారి నుంచి మెసేజ్ వచ్చింది. "పెద్దలు లభ్యమైనారా? తక్షణమే తెలియజేయగలరు." వెతుకుతున్నామని జవాబిచ్చి ఫోన్ ఆపేశాను. నాయన ఒడ్డున కుర్చీ వేసుకుని నోటుబుక్కు తీశాడు. ఐదు నిమిషాలు అలలను చూసి, దేనికీ ఒక పద్ధతి లేదని గొణిగి, నోటుబుక్కు మూసి, చెప్పులు విడిచి ఇసుకలో కాళ్ళు చాపుకున్నాడు.

అమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నీళ్ళలోకి నడిచింది. నేను మోచెయ్యి పట్టుకున్నాను. మోకాళ్ళ లోతు వచ్చాక ఆగి, ఎడమ చివర నుంచి కుడి చివర దాకా మెల్లగా తల తిప్పింది. మళ్ళీ కుడి నుంచి ఎడమకు. అలా చాలాసార్లు. అడుగున ఆమె కాలివేళ్ళు, మెట్టెలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఏమైనా అంటుందేమోనని చూస్తూ నిలబడ్డాను. నాకు ఏడుపొస్తోంది, సంతోషంగానే ఉంది.

"హేమా" అంది చివరికి. "నీలం కాదే ఇది. పచ్చ."

"అవునమ్మా."

"ముప్పై ఒక్క ఏండ్లు పిల్లోళ్ళ చేత పటంలో నీలం రంగు ఏపిచ్చినా. తొమ్మిదో తరగతిలో ఒగడుండె, ఈ దీవుల చుట్టూరా పచ్చరంగు ఏసుకోనొచ్చినాడు. నువ్వేమన్నా చూసొచ్చినావారా అని అందరి ముందరా తిట్టి, రెండు మార్కులు కోసినా." చెయ్యి వంచి నీళ్ళు దోసిట్లోకి తీసుకుని, వదిలేసింది. "వానిదే కరెక్టు."

నా చెయ్యి విడిపించుకుని ఇంకో అడుగు లోపలికి వేసింది.